చీటీ మీద ఎవరి పేరు?

సాహిత్యం చదువుకున్నవాళ్లకి కుర్చీలతో, చెంబులతో ఏం పని? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పుస్తకం అట్ట మీదికి ఎవరి పేరు ఎక్కుతుంది, ఎవరి పేరు ఎక్కదు, ఎందుకు ఎక్కదు అని స్త్రీవాద విమర్శ తెలుగులో దశాబ్దాలుగా అడుగుతూనే ఉంది. పాటలు కట్టిన ఆడవాళ్ల పేర్లు ఎందుకు మిగల్లేదని అడిగాం. పోరాటాల చరిత్రలో ఆడవాళ్లెక్కడని అడిగాం. అదే ప్రశ్నని మనం రోజూ కూర్చునే, మోసే, తోమే వస్తువుల్ని ఎందుకు అడగకూడదు? కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో జరిగే ఫర్నిచర్, గృహోపకరణాల డిజైన్ ప్రదర్శనలకి వెళ్తున్నాను. వీలైనప్పుడు డిజైనర్ల స్టూడియోలు చూస్తున్నాను. మా జనగామ పక్కనున్న పెంబర్తిలో ఇత్తడి పనివాళ్ల ఇళ్లకీ వెళ్తున్నాను. ఈ మూడు చోట్లా కనిపించినదాన్ని ఒక పాఠంలా చదివే ప్రయత్నం ఇది.

ప్రదర్శనల్లో చాలా వస్తువులు నిజంగానే బాగుంటాయి. టేకు చెక్కలో ఇత్తడి తీగ పొదిగిన బల్ల, నులకమంచం అల్లికని గుర్తుచేసే వాలుకుర్చీ, మడిచి గోడకి ఆనించుకోగల స్టూలు - వీటిని చూస్తే చేత్తో తడమాలనిపిస్తుంది. మంచి వాక్యం చదివినప్పుడు కలిగే సంతోషం లాంటిదే అది. అయితే ప్రతి వస్తువు పక్కనా ఒక చిన్న చీటీ ఉంటుంది. డిజైనర్ పేరు, సంవత్సరం, వాడిన సరుకు, కొలతలు. చివర్లో కొన్నిసార్లు "స్థానిక హస్తకళాకారుల సహకారంతో" అని ఒక ముక్క. నేను ఆ ముక్క దగ్గర ఆగిపోతాను. బళ్లో విభక్తులు వల్లె వేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 'తో' తృతీయా విభక్తి. చెక్కని చిత్రిక పట్టినవాళ్లు, రేకుని సుత్తితో కొట్టినవాళ్లు ఆ వాక్యంలో కర్తలు కారు. టేకుతో, ఇత్తడితో అన్నట్టే వాళ్లతో కూడా ఆ వస్తువు తయారయింది. తెలుగులో కర్త అంటే పని చేసినవాడే కాదు, గ్రంథం రాసినవాడు కూడా. చీటీ మీద కర్త ఒక్కరే.

ఆ ఒక్కరూ మగవాడే కావడం యాదృచ్ఛికం కాదు. ఆధునిక ఫర్నిచర్ చరిత్ర అంతా దీనికి సాక్ష్యం. 1927లో షార్లట్ పెరియాండ్ అనే యువతి పారిస్‌లో లె కార్బుజియే దగ్గరికి ఉద్యోగం కోసం వెళ్తే, ఇక్కడ దిండ్లకి కుట్టుపని చెయ్యం అన్న అర్థం వచ్చేలా మాట్లాడి పంపేశాడట. కొద్దికాలానికే ఆమె పని చూసి తనే పిలిచి చేర్చుకున్నాడు. ఆ తర్వాత ఆ కార్యాలయం నుంచి వచ్చిన ఇనప గొట్టాల వాలుకుర్చీ ప్రపంచమంతా తిరిగింది, కానీ చాలాకాలం లె కార్బుజియే కుర్చీగానే తిరిగింది. అమెరికాలో చార్లెస్, రే ఈమ్స్ భార్యాభర్తలు కలిసి పనిచేశారు. 1946లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాళ్ల ఫర్నిచర్‌ని ప్రదర్శించినప్పుడు దాని పేరులో చార్లెస్ ఒక్కడే ఉన్నాడు. మన దేశంలో చండీగఢ్ కుర్చీలున్నాయి. ఒకప్పుడు ఆఫీసుల పెరళ్లలో గుట్టలుగా పడేసిన ఆ టేకు, బెత్తు కుర్చీలు ఇప్పుడు విదేశాల వేలంపాటల్లో లక్షలు పలుకుతున్నాయి. అక్కడ వినిపించే పేరు పియరె జన్నెరెది. ఆ బృందంలో పనిచేసి ఫర్నిచర్ కూడా రూపొందించిన భారతీయ స్త్రీ యూలీ చౌదరి పేరు ఎంతమందికి తెలుసు? వాటిని చేసిన వడ్రంగుల పేర్లు అసలే లేవు.

ఇది తయారీ సంగతి. వాడకం సంగతి ఇంకా ఆసక్తికరం. 1958లో భారత ప్రభుత్వం కోరగా ఈమ్స్ దంపతులు మన దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడటానికి అదే పునాది. ఆ నివేదికలో వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది ఒక చెంబుని. ఇలాంటి పాత్రని రూపొందించాలంటే ఏమేం ఆలోచించాలో పెద్ద జాబితా ఇచ్చారు. ఎంత నీళ్లు పట్టాలి, తల మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా, అరచేతిలో ఎలా ఇముడుతుంది, నడుం వంపుకి ఎలా ఆనుతుంది, వంచితే నీళ్లు ఎలా పడాలి, ఎలా శుభ్రం చేస్తారు. పట్టుకునే చేతుల పరిమాణం, బలం, ఆ చేతులు ఆడవా మగవా అన్నది కూడా ఆ జాబితాలో ఉంది. ఇంత సూక్ష్మంగా చూసినవాళ్లు చివరికి వచ్చేసరికి, దీన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదు, తరతరాలుగా ఎందరో 'మెన్' రూపొందించారు అని తేల్చారు. ఆనాటి ఇంగ్లీషులో ఆ మాటకి మనుషులందరూ అని అర్థం చెప్పుకోవచ్చు. కానీ ఆ జాబితాలో ఉన్న నడుం ఎవరిది? బావి నుంచి ఇంటిదాకా బిందెని చంకనెత్తుకుని నడిచిందెవరు? బరువు ఒక పక్కకి ఒరుగుతోందని, మెడ దగ్గర వేళ్లు జారుతున్నాయని ముందుగా తెలిసేది మోసేవాళ్లకే. వాళ్లు చెప్పి ఉండకపోతే, బాగాలేనిదాన్ని వద్దని ఉండకపోతే, కంచరి సుత్తి ఆ వంపుని తనంతట తను కనిపెట్టేది కాదు. నా దృష్టిలో చెంబు ఆకారంలో సగం ఆడవాళ్ల రచన.

కూర్చునే వస్తువుల దగ్గర కథ మారుతుంది. అక్కడ స్త్రీలు రూపకర్తలుగానే కాదు, వాడేవాళ్లుగా కూడా ఉండరు. పాత ఇళ్ల వసారాలో పడక్కుర్చీ ఉండేది. చేతులు బారుగా చాపి, పత్రిక చదువుకుంటూ ఇంటి పెద్ద అందులో వాలేవాడు. అదే ఇంట్లో ఆడవాళ్లకున్న ఆసనం పీట. ఆ పీటకే కత్తి బిగిస్తే కత్తిపీట. మగవాళ్ల ఆసనం విశ్రాంతి కోసం, ఆడవాళ్ల ఆసనం పని కోసం. నేను చూసిన ప్రదర్శనల్లో పడక్కుర్చీకి కొత్త రూపాలు చాలా ఉన్నాయి. కత్తిపీటని ఫర్నిచర్‌గా గుర్తించి దాని గురించి ఆలోచించిన డిజైన్ మాత్రం ఒక్కటీ కనిపించలేదు. కూర్చోవడానికీ, కోయడానికీ, పాదంతో అదిమి పట్టడానికీ, పనయ్యాక గోడవార దాచడానికీ పనికొచ్చే ఇంత చిన్న వస్తువు మరొకటి ఉందా?

కుర్చీ అమాయకమైన వస్తువు కాదని జనగామ ప్రాంతం వాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. విసునూరు దేశ్‌ముఖ్ గడి, ఆ గడిని ఎదిరించిన పాలకుర్తి ఐలమ్మ, 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి, అన్నీ ఈ చుట్టుపక్కలవే. దొర ఎదుట మంచం మీద కూర్చోవడం కూడా ధిక్కారమైన కాలం అది. దొరల కాలం పోయింది కానీ కూర్చునే హక్కు కోసం పోరాటం పోలేదు. కేరళలో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్లు కోజికోడ్‌లో 'పెణ్‌కూట్టు' సంస్థ ద్వారా, పి. విజి నాయకత్వాన, కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడారు. 2018లో కేరళ చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. ఒక మామూలు ప్లాస్టిక్ స్టూలు కోసం చట్టసభ దాకా వెళ్లాల్సి వచ్చింది. డిజైన్ చరిత్ర రాసేవాళ్లు ఆ స్టూలుని కూడా రాయాలి.

స్టూడియోల్లో చూసినవి నా ఆలోచనని కొంత చిక్కు చేశాయి. హైదరాబాద్ శివార్లలో ఒక స్టూడియో నడిపేది ఒక స్త్రీ. కొనడానికి వచ్చినవాళ్లు మొదట "సార్ లేరా" అని అడుగుతారని, వడ్రంగులు తన మాట వినడానికి రెండేళ్లు పట్టిందని ఆమె చెప్పింది. చీటీ మీద ఆమె పేరు ఊరికే రాలేదు. అదే షెడ్డు వెనక భాగంలో ముగ్గురు ఆడవాళ్లు కింద కూర్చుని గరుకు కాగితంతో కుర్చీ కాళ్లు రుద్దుతున్నారు. రోజుకూలి. ముక్కుకి కొంగు అడ్డం కట్టుకున్నారు. కుర్చీలు చేసే చోట వాళ్లకి కుర్చీల్లేవు. డిజైనర్‌ది కూడా అణచివేతే, వాళ్లది కూడా అణచివేతే అని రెండింటినీ ఒక్క గాటన కట్టేస్తే విమర్శ సులువవుతుంది, నిజం మాత్రం జారిపోతుంది. ఒకరిది దొరికిన పేరుని నిలబెట్టుకునే పోరాటం. మిగతా ముగ్గురిదీ పేరు అనే ప్రశ్న ఇంకా పుట్టని స్థితి.

పెంబర్తిలో ఆ స్థితి నాకు మరింత స్పష్టంగా కనబడింది. ఈ ఊరి విశ్వకర్మల ఇత్తడి, రాగి రేకుల పనిని కాకతీయుల కాలంతో ముడిపెట్టి చెబుతారు. గుళ్లకీ రథాలకీ తొడుగులు చేశారంటారు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తరుదాన్లు వచ్చాయి. రేకుని కాల్చి మెత్తబరిచి, లక్క మీద పరిచి, గీసుకున్న బొమ్మ వెంబడి రకరకాల ఉలులతో కొట్టుకుంటూ పోతారు. పూవు, లత, హంస రేకులోంచి పైకి ఉబ్బుతాయి. ఇది చూస్తుంటే పొద్దు తెలియదు. ఒక ఇంట్లో ఇంటాయన ఉలి పట్టి కొడుతుంటే, ఆయన భార్య గుమ్మం పక్కన కూర్చుని చేసిన పలకల్ని చింతపండుతో రుద్దుతోంది. మీరు కూడా ఈ పని చేస్తారా పెద్దమ్మా అని అడిగాను. "నేనేం జేస్త బిడ్డా, పని జేసేది ఆయననే. నేను ఉత్తగ తోముత. ఇంట్ల బోళ్లు తోమినట్టే గద!" అంది.

ఈ 'ఉత్తగ' అన్న మాటని వదిలిపెట్టి ముందుకు పోలేం. ఆ పలకకి బంగారం లాంటి మెరుపు వచ్చేది ఆమె చేతుల మీదుగానే. కొనేవాళ్ల కళ్లు ముందు పడేది ఆ మెరుపు మీదే. స్టూడియోలో దీన్నే ఫినిషింగ్ అని గౌరవంగా పిలుస్తారు. కానీ ఇంట్లో గిన్నెలకీ, అరుగు మీద ఇత్తడికీ ఒకే క్రియాపదం ఉండటంతో ఈ పని కూడా ఇంటిచాకిరీలో కలిసిపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఉలి దెబ్బ రేకు మీద నిలిచిపోతుంది. తెలిసినవాళ్లు దాన్ని బట్టి చేసినవాణ్ణి గుర్తుపడతారు. అది సంతకం లాంటిది. తోమడం అలా కాదు. తోమిన చెయ్యి గుర్తు మిగిలితే ఆ పని బాగా చెయ్యనట్టు లెక్క. తన ఆనవాలుని తనే చెరిపేసుకోవడం ఆ పని స్వభావం. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ తన పేరు మరిచిపోతుంది. ఆ కథని ఇన్నాళ్లూ గృహిణి కథగానే చదివాం. దాన్ని శ్రమ కథగా, డిజైన్ కథగా కూడా చదవాలని నాకు పెంబర్తిలో అనిపించింది.

స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక ఇత్తడి బిందెలు, గంగాళాలు వంటింట్లోంచి అటకెక్కాయి. పెంబర్తి పనితనానికి ఇప్పుడున్న పెద్ద ఆసరాల్లో ఒకటి జ్ఞాపికలు. సభల్లో, సన్మానాల్లో ఇచ్చే ఇత్తడి పలకలు. ఆడవాళ్లు మోసే, వాడే వస్తువు నుంచి ఎవరూ వాడని వస్తువుకి ఈ కళ ప్రయాణం చేసింది. ఆ జ్ఞాపిక మీద పుచ్చుకున్నవారి పేరు చెక్కుతారు, ఇచ్చిన సంస్థ పేరు చెక్కుతారు. చేసినవాళ్ల పేరు ఉండదు. పెంబర్తి లోహకళకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుని వేరేవాళ్లు వాడుకోకుండా చట్టం కాపాడుతుంది. అది అవసరమే. కానీ ఊరికి పేరొచ్చినంత మాత్రాన మనిషికి పేరు రాదు. ఆ మనిషి ఆడది అయితే అసలే రాదు.

పేరు రాస్తే కడుపు నిండుతుందా అని అడగొచ్చు. ఇది న్యాయమైన ప్రశ్నే. పేరు రాసి కూలి పెంచకపోతే అది ఇంకో అలంకారం అవుతుంది. అయితే పేరుకీ కూలికీ సంబంధం లేదనుకోవడం కూడా పొరపాటే. 'ఉత్తగ తోముడు'కి ధర కట్టరు. అది పని అని, ఫలానా మనిషి పని అని ఒక చోట రాసుంటేనే దానికి లెక్క అడగడం సాధ్యమవుతుంది. ఇల్లాలి తోముడు కూలీ ఇంటాయన కూలిలోనే ఉందని ఇన్నాళ్లూ సర్దుకుపోయారు. ఆమెకి విడిగా పేరుంటే ఆ లెక్క కూడా విడిగా వెయ్యాల్సి వస్తుంది. సినిమా చివర లైట్ బాయ్స్ నుంచి వంటవాళ్ల దాకా పేర్లు వేస్తారు. వాళ్ల పేర్లు వేసినందువల్ల దర్శకుడి పేరేమీ చిన్నబోలేదు. కుర్చీ చీటీ మీద నాలుగు పేర్లుంటే డిజైన్‌కి వచ్చిన నష్టం ఏమీ లేదు.

ఈ పత్రిక చదివే మనలో చాలామంది ఇళ్లలో ఏదో ఒక సభలో అందుకున్న ఇత్తడి జ్ఞాపిక ఉంటుంది. పుస్తకాల బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది. దాని ముందువైపు మన పేరుంటుంది. వెనక్కి తిప్పితే ఖాళీగా ఉంటుంది. సభలు నిర్వహించేవాళ్లం కూడా మనమే. వచ్చేసారి జ్ఞాపికలు చేయించేటప్పుడు వెనకవైపు రెండు పేర్లు చెక్కించమని అడుగుదాం, కొట్టినవారిదీ తోమినవారిదీ. తోమినందుకు ఎంత ఇస్తున్నారని కూడా అడుగుదాం. ఆ ఖర్చు బిల్లులో వేరే వరసగా రాయమందాం.