మిల్స్ కాలపత్రము: ఒక విమర్శ

దూరపు ఊరిలోని మిత్రునకు "ఇప్పుడు గంట ఎంత?" అని ఉత్తరము వ్రాసినామనుకొందము. జవాబు చేతికందునప్పటికి అందులోని గంట పాతబడియే ఉండును. ఇంటి కంప్యూటరు ఇంటర్నెట్టు ద్వారా తన గడియారమును దిద్దుకొనుటలోని చిక్కు సరిగా ఇదే. డేవిడ్ మిల్స్ అను అమెరికా ఇంజనీరు 1985 సెప్టెంబరులో ప్రకటించిన చిన్న పత్రము దీనికొక మార్గము చూపినది. ఆ పద్ధతి పేరు 'నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్'. మిల్స్ 2024లో మరణించినారు. ఆయన పద్ధతి సవరణలు పొంది నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నది.

పత్రములోని గొప్పతనమంతయు నాలుగు అంకెలలో నున్నది. ప్రశ్న బయలుదేరిన వేళ, సర్వరుకు చేరిన వేళ, జవాబు బయలుదేరిన వేళ, అది మనకు చేరిన వేళ. మొదటిది, చివరిది మన గడియారమువి. నడిమి రెండును సర్వరువి. నల్లబల్లపై వేసి చూడుడు. మన గడియారములో 0 సెకండువద్ద ప్రశ్న పంపితిమి. సర్వరు తన లెక్కలో 3.1 సెకండ్లకు అందుకొని వెంటనే బదులిచ్చినది. అది మన లెక్కలో 0.2 సెకండ్లకు చేరినది. మొదటి తేడా 3.1, రెండవ తేడా 2.9, సగటు 3. మన గడియారము 3 సెకండ్లు వెనుకబడినదన్నమాట. సగటు కట్టగల విద్యార్థి కెవరికైనను ఇది అందును.

అయితే ఈ సగటు ఒక నమ్మకముపై నిలిచియున్నది: పోవుటకు, వచ్చుటకు పట్టు కాలము సమానమని. నిజముగా పోవుటకు 0.15, వచ్చుటకు 0.05 పట్టినచో అసలు వెనుకబాటు 2.95 మాత్రమే. ఆ పొరపాటును ఆ నాలుగు అంకెలు ఎన్నటికిని బయటపెట్టవు. వేయిసార్లు అడిగినను, దారి అట్లే ఉన్నంతవరకు తప్పును అట్లే ఉండును. వేరువేరు దారులలోని పలు సర్వరులను అడుగుట కొంత మేలు.

నా దృష్టిలో రెండవ లోపము ఇంతకంటె పెద్దది. జవాబు చెప్పినది నిజమైన సర్వరేనా అని విచారించు ఏర్పాటు ఆ పత్రములో లేదు. అప్పటి నెట్‌వర్కు చాలవరకు పరిశోధకుల లోకము. తలుపునకు తాళమెందుకని తోచియుండును! 1989 నాటి కూర్పులో గాని అది చేరలేదు.

సెకండ్లను 1900 జనవరి 1 నుండి 32 బిట్లలో లెక్కించుట వలన 2036లో లెక్క నిండి మరల సున్నకు వచ్చును. దీనిని నేను దోషముగా ఎంచను. సుమారు తేదీ ఎరిగిన యంత్రము దానిని సులభముగా దాటును.

భారత ప్రామాణిక కాలమును నిర్వహించు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలయు ఈ పద్ధతిలోనే ఇంటర్నెట్టుపై కాలమందించుచున్నది. పాఠశాల కంప్యూటరును దానితో ఒకసారి, వేరొక సర్వరుతో ఒకసారి సరిపోల్చి, వచ్చిన తేడాలను పిల్లలచేత వారము దినములు పట్టికలో వ్రాయించి చూడుడు.