మునిగుడలో చోళ్ల లెక్క

రాగుల, అంటే చోళ్ల, మద్దతు ధర 2017-18లో క్వింటాలుకు 1,900 రూపాయలు. 2025-26కి అది 4,886 అయింది. ఎనిమిదేళ్లలో రెండున్నర రెట్లు! ఈ లెక్క చూస్తే ఒడిశాలోని రాయగడ జిల్లా మునిగుడ చుట్టూ ఉన్న కొండవాలులన్నీ చోళ్లతో నిండిపోవాలి. కానీ అక్కడ పత్తి పెరిగింది.

ఎందుకో తెలియాలంటే చోళ్లు నోటికి చేరే దాకా జరిగే పని చూడాలి. ఒక్కో వెన్నూ కోసి, కుప్పేసి, ఎండబెట్టి, కర్రలతో కొట్టాలి. గింజకు మిగిలిన పొట్టు ఊడేదాకా నలపాలి. చేటలో చెరగాలి, రాళ్లు ఏరాలి. ఆ తర్వాత తిరగలి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడిని పట్టి తిప్పుతూ, గుప్పెడు గుప్పెడు గింజలు పోస్తుంటే చుట్టూ పిండి రాలుతుంది. ఇంత చేస్తే ఒక పూట అంబలి. పొలం పని, కట్టెలు, నీళ్లు దీనికి అదనం.

మరోవైపు బియ్యం. ఒడిశా ప్రభుత్వం 2008లో కిలో రెండు రూపాయలకు, 2013 నుంచి రూపాయికే ఇచ్చింది. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డులున్నవాళ్లకు ఉచితం. ఈ పథకాన్ని తప్పుపట్టడం అన్యాయం. ఇదే జిల్లాలోని కాశీపూర్‌లో 2001లో మామిడి టెంకల జావ తాగి గిరిజనులు చనిపోయారు. గాదెలో గింజ లేని రోజులు ఎలా ఉంటాయో ఆ కొండలకు తెలుసు. రూపాయి బియ్యం ప్రాణాలు నిలిపింది. దాంతోపాటు, ఎవరూ అనుకోకుండానే, తిరగలి ముందు గడిపే గంటలను మరీ ఖరీదైనవి చేసింది. కడిగి పొయ్యి మీద పెడితే ఉడికే అన్నం ఇంట్లో ఉండగా అంతసేపు చోళ్లు విసిరేదెవరు?

శ్రమ తగ్గించేదే గెలుస్తుందన్న ఇదే సూత్రం పత్తి కథలోనూ కనిపిస్తుంది. కలుపు మందును తట్టుకునే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. సబ్సిడీ లేదు, ప్రచారం లేదు. అయినా అది రాయగడ కొండల్లోకి ఎలా పాకిందో అనికేత్ ఆగా, చిత్రాంగద చౌధురి 2019లో ‘పారి’ వెబ్‌సైట్ కథనంలో వివరంగా రాశారు. కలుపు తీసే రోజులు మిగలడం రైతుకు పెద్ద ఆకర్షణ. అదే మందు పడితే పత్తి సాళ్ల మధ్య చోళ్లు, కందులు, సామలు కలిపి వేసుకునే వీలు పోతుంది. సర్కారు వద్దన్న విత్తనం వచ్చి కూర్చుంది, సర్కారు రమ్మన్న పంట గుమ్మం దగ్గరే ఆగింది. ధర ఒక్కటే చూసేవాళ్లకు ఇది అంతుపట్టదు. కొండ మీద రైతు ముందుగా లెక్కపెట్టేది ఒంటి కష్టాన్ని.

ఒడిశా మిల్లెట్ మిషన్‌కు ఈ సంగతి తెలుసు. అందులో మెచ్చుకోవలసింది అదే. 2017లో 7 జిల్లాల్లో, 30 బ్లాకుల్లో మొదలైన ఈ పథకానికి హైదరాబాద్‌కు చెందిన వాసన్ సంస్థ ఊతమిచ్చింది. గిరిజన సహకార సంస్థ మద్దతు ధరకు కొనడం ఒక భాగమైతే, మహిళా సంఘాల చేతికి నూర్పిడి యంత్రాలు, పిండిమరలు ఇవ్వడం మరో భాగం. పత్రికల్లో మొదటిదే ఎక్కువగా కనిపిస్తుంది. రెండోదే అసలు మార్పు.

కొనుగోలు కేంద్రంలో కూడా యంత్రాల మాటే చెల్లుతుంది. తేమ కొలిచే మీటరు 12 శాతం దాటితే బస్తా వెనక్కి. కుంచం కొలతలో మోసపోయినవాళ్లకు అంకెలు కనిపించే కాటా ధైర్యమిస్తుంది, నిజమే. కానీ డబ్బు పేరు నమోదైన రైతు ఖాతాలో పడుతుంది. ఆ పేరు చాలా ఇళ్లలో మగవాడిది. నూర్చి, చెరిగి, ఎండబెట్టి ఆ బస్తాను పరీక్షకు నిలబెట్టింది మాత్రం ఆడమనిషి.

వచ్చే ఏడాది మద్దతు ధర ఇంకో నాలుగు వందలు పెరిగితే సంతోషమే. దాని పక్కనే ఇంకో లెక్క కూడా ప్రకటించాలి: మునిగుడ దగ్గరి నియమగిరి కొండవాలుల్లో ఎన్ని ఊళ్లకు నడక దూరంలో నూర్పిడి యంత్రం ఉంది, ఎన్ని మరలు కరెంటు లేకో బెల్టు తెగో మూలపడ్డాయి, వాటిని బాగుచేయడం ఆ ఊరి అమ్మాయిల్లో ఎంతమందికి నేర్పారు.