పేరంటాలి కొయ్యవిగ్రహము

జగ్గయ్యపేట యనగానే శిల్పచరిత్రకారునకు 1887లో బర్జెస్ ప్రకటించిన స్తూపశిల్పములు స్ఫురించును. ఆ మెట్టసీమలోనే, జగ్గయ్యపేట నందిగామలకు చేరువనున్న పెనుగంచిప్రోలులో, కొయ్యవిగ్రహసంప్రదాయ మొకటి నేటికిని సజీవముగా నున్నది. దానికి దగిన కొలబద్దను విమర్శకు లింకను నేర్పరచుకొనవలసి యున్నది.

తిరుపతమ్మ అనిగండ్లపాటి యాడుబిడ్డ, పెనుగంచిప్రోలి కోడలు. పెనిమిటి గోపయ్య పులివాత బడగా నామె యగ్నిప్రవేశము చేసెనని కథ. పేరంటాలు తొలుత నింటి పెద్ద. పిదప నూరి దేవత. రెండేండ్ల కొకమా రామె విగ్రహమును, గోపయ్య మున్నగువారి విగ్రహములను జగ్గయ్యపేటకు గొనిపోయి రంగులు దిద్దించి యూరేగింపుగా మరల దెత్తురు.

శిలాశిల్పపు కొలతతో జూచినచో క్రొత్తపూత ప్రాచీనతకు హాని. కాని కొయ్య చెదకును చెమ్మకును లొంగునది. పూతయే దానికి రక్ష. సులవేసి ద్వీపమున తొరాజజాతివారు పనసకొయ్యతో జెక్కిన ‘తౌతౌ’ అను పితృప్రతిమలకు మానేనే పర్వమున వస్త్రములు మార్తురు. అచ్చట వస్త్రము, ఇచ్చట వర్ణము. రెండుచోట్లను రూపము ఉలితో ముగియదు, తరతరముల శుశ్రూషతో గొనసాగును.

కావున నిట్టి ప్రతిమను పరీక్షించువాడు చెక్కిన చేతినే గాక, మరల మరల దిద్దిన చేతులను గూడ లెక్కింపవలెను. పూతను గీకి ‘అసలు’ రూపమును వెదకుట పరిశోధనము గాదు, చరిత్రను జెరుపుటయే.