నెమ్మదిగా పడటం అనే విద్య

ఎండలు ముదిరితే చంద్రపూర్ చుట్టుపక్కల జిల్లేడు కాయలు పగలడం మొదలవుతుంది. ఘుగ్గుస్ దారి పక్కన, దుర్గాపూర్, పద్మాపూర్ బొగ్గు గనుల్లో తవ్వి పోసిన పైమట్టి (ఓబీ) గుట్టల మీద, రాయీ మట్టీ కలిసిన నేలలో కూడా జిల్లేడు నిలదొక్కుకుంటుంది. దాన్ని ఎవరూ తెచ్చి నాటలేదు. గాలి మోసుకొచ్చింది.

ఆ ప్రయాణాన్ని దగ్గరగా చూడటం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఒక భూతద్దం, కాస్త ఓపిక ఉంటే చాలు. పచ్చికాయ జోలికి మాత్రం పోకూడదు. తుంచితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. ఎండి, ఒక పక్క నిలువునా విచ్చిన కాయనే తీసుకోవాలి. లోపల చదునైన గోధుమరంగు గింజలు ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉంటాయి. ప్రతి గింజ కొసనా తెల్లగా మెరిసే పోగుల కుచ్చు. కాయలో ఉన్నంతసేపూ ఆ పోగులు ఒద్దికగా అంటుకుని ఉంటాయి. ఎండ తగిలి ఆరాక విడివడి గుండ్రంగా విచ్చుకుంటాయి.

ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ఒక గింజను భుజం ఎత్తు నుంచి వదలండి. ఇంకో గింజకు కుచ్చు పీకేసి వదలండి. రెండోది తిన్నగా నేలకు చేరుతుంది. మొదటిది అటూ ఇటూ ఊగుతూ, తీరిగ్గా దిగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తోచేది ఒకటే. ఈ గింజకు ఎగరడం రాదు, నెమ్మదిగా పడటం వచ్చు. ఎంత ఆలస్యంగా పడితే గాలికి అంత వ్యవధి దొరుకుతుంది.

చల్లని దేశాల పిల్లలు ఊది ఆడుకునే డాండెలయన్‌దీ ఇదే విద్య. దాని గింజ మీద దాదాపు 100 సన్నని పోగులుంటాయి, ఆ గొడుగులో ఎక్కువ భాగం ఖాళీయే. 2018లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ ఖాళీ విలువేమిటో 'నేచర్' పత్రికలో వివరించారు. పోగుల సందుల్లోంచి దూరిన గాలి, గొడుగుకు కాస్త పైన, దాన్ని తాకకుండా వలయంగా సుడి తిరుగుతుంది. ఆ సుడి వల్లే గింజ అంత మెల్లగా దిగుతుంది. తేమ పెరిగితే పోగులు ముడుచుకుంటాయి. అప్పుడు గింజ తల్లిమొక్కను వదలడం తగ్గుతుంది.

డాండెలయన్ మన మైదానాల ఎండలకు తగిన మొక్క కాదు. దాని చుట్టం మాత్రం మన గుమ్మం ముందే ఉంది. చిన్నప్పుడు మోచిప్ప చీరుకుపోతే ఆకు పసరు పిండుకున్న గడ్డిచామంతి అదే కుటుంబానిది. అమెరికా ఖండపు వేడి ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయింది. పువ్వు ఎండాక భూతద్దం పెట్టి చూస్తే ప్రతి చిన్న గింజకూ నూగు కిరీటం కనిపిస్తుంది. తాడోబా అడవి వైపు బూరుగుది వేరే పద్ధతి. అక్కడ దూది కాయ లోపలి గోడ నుంచి పుడుతుంది, గింజలు అందులో చిక్కుకుని పోతాయి.

గాలికి వెళ్లిన గింజల్లో ఎక్కువ భాగం రోడ్డు మీదో, నీళ్లలోనో, బొగ్గు పొడిలోనో పడి వృథా అవుతాయి. గుట్ట మీద నిలిచిన ఒక్క మొక్క వెనుక అంత నష్టం ఉంది. అందుకే పిచ్చిమొక్క అని కొట్టేయబోయే ముందు, ఎండిన కాయ ఒకటి విప్పి పిల్లలకు చూపించమని అడుగుతున్నాను. బంజరులో దానంతటది మొలిచిన పచ్చదనాన్ని, ఎవరికీ అడ్డు లేనప్పుడు, అలాగే ఉండనివ్వండి.