కారు వెనక సీటు నుంచి వేదిక మీదికి

విల్ టొలీడో అనే అమెరికన్ యువకుడు 2010లో వర్జీనియా రాష్ట్రంలోని లీస్‌బర్గ్‌లో, ఇంట్లో గొంతెత్తి పాడే చాటు లేక, కారు వెనక సీట్లో కూర్చుని పాడి రికార్డు చేసుకున్నాడు. ‘కార్ సీట్ హెడ్‌రెస్ట్’ అన్న పేరు అలా వచ్చిందే. (కారున్న ఇంటి బిడ్డే, అతణ్ణి శ్రామికుణ్ణి చేయనవసరం లేదు.) ఆ పాటల్ని ఇంటర్నెట్‌లో తానే విడుదల చేశాడు.

2014లో సియాటిల్ చేరాక తోటి వాద్యకారులు దొరికారు. 2015లో మాటడోర్ కంపెనీ అతని ఆల్బమ్ వేసింది. ఆపైన బృందంతో ఊరూరా కచేరీలు. స్వతంత్ర కళాకారుడు మార్కెట్‌కు లొంగిపోయాడని తీర్పు చెప్పడం తేలిక. ‘ట్విన్ ఫాంటసీ’ విన్నాక ఆ తీర్పు నిలవదు.

2011లో, పందొమ్మిదేళ్ళ వయసులో ఒంటరిగా చేసిన ఆ ఆల్బమ్‌నే 2018లో బృందంతో మొదటి నుంచీ మళ్ళీ రికార్డు చేశాడు. పాతదాంట్లో గరగర శబ్దం కింద మాటలు అణగిపోతాయి. ఆ మరుగు కుర్రవాడి ప్రేమవేదనకు రక్షణ. కొత్తదాంట్లో మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. పలికినవాడు వాటికి జవాబుదారీ అవుతాడు. కొన్ని చరణాలు మార్చాడు కూడా. మన కవులు కొందరు రెండో ముద్రణలో కవితను దిద్ది, మొదటి పాఠాన్ని మాయం చేస్తుంటారు. ఇతను రెండింటినీ శ్రోతల ముందుంచాడు.

వైయక్తిక వేదన సమష్టి కృషిలో పలచబడుతుందన్న వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. చిన్న పాటల్లో నాకూ పాత గరగరే నిజమనిపిస్తుంది. కాని పన్నెండు నిమిషాలు దాటే ‘బీచ్ లైఫ్-ఇన్-డెత్’ను ఒంటరి గొంతు మోయలేకపోయింది, బృందం తోడయ్యాకే ఆ పాటకు వెన్నెముక వచ్చింది.