అజుడు ఏం తలచుకుని ఏడ్చాడు?

భార్య పోయిన మగవాడి దుఃఖాన్ని కావ్యంలో పెట్టడం కష్టం. గొంతు పెంచితే నాటకంలా ఉంటుంది, అణిచితే కథలో ఒక ఘట్టంగా జారిపోతుంది. కాళిదాసు రఘువంశం 8వ సర్గలో ఈ రెండింటినీ తప్పించుకున్నాడు.

అజ మహారాజు ఇందుమతితో ఉద్యానవనంలో ఉండగా, గోకర్ణానికి ఆకాశమార్గాన వెళుతున్న నారదుడి వీణ మీది పూలదండ గాలికి జారి ఆమె గుండెల మీద పడుతుంది. ఆమె ప్రాణం పోతుంది. వెనకాల ఒక శాపకథ ఉంది గాని, వసిష్ఠుడి శిష్యుడు వచ్చి చెప్పేదాకా అది అజుడికి తెలియదు. ఆ తెలియకపోవడమే కవికి కలిసొచ్చింది. కారణం కనిపించని చావు ముందు మనిషి ముందు ఏడవడు, వాదిస్తాడు. మెత్తనివాటిని యముడు మెత్తనివాటితోనే చంపుతాడేమో, మంచుకు తామర చావడం లేదా అంటాడు అజుడు. ఈ దండే ప్రాణం తీసేదైతే నా గుండె మీద పెట్టుకుంటే నన్నెందుకు చంపదు అని అడుగుతాడు. చివరికి తన రాతనే తప్పుపడతాడు: ఇది పిడుగై, చెట్టును వదిలేసి దాని కొమ్మను అల్లుకున్న తీగను కొట్టింది అంటాడు.

ఆ తర్వాత మాటలన్నీ నేరుగా ఆమెతోనే. నేను తప్పు చేసిన రోజున కూడా నన్ను చిన్నచూపు చూడలేదే, ఇవాళ ఏ తప్పూ లేకుండా పలకవేం? చెప్పకుండా వెళ్ళావంటే నన్ను కపటి అనుకున్నావా? చక్రవర్తి నోట ఇవి అచ్చంగా మొగుడి మాటలు.

అసలు నేర్పు ఇంకా ముందుంది. మళ్ళీ కలుస్తారన్న ఆశ ఉంటే ఎడబాటు విప్రలంభ శృంగారం, ఆ ఆశ తెగిపోతే కరుణం అని ఆలంకారికులు గీత గీశారు. కాళిదాసు గీతకు ఇవతల నిలబడి, సామగ్రినంతా అవతలి నుంచి తెచ్చుకున్నాడు. మామిడికీ ప్రియంగు తీగకూ పెళ్ళి చేస్తానని ఇందుమతి అనుకుంది. ఆ పెళ్ళి ఇంకా కాలేదు. ఆమె కాలితాపుకు అశోకం పూయబోతోంది. ముంగురుల్లో తురమాల్సిన ఆ పూలను అపరకర్మలకు ఎలా వాడాలి? ఇద్దరూ కలిసి కడుతున్న పొగడపూల మొలనూలు సగంలో ఆగిపోయింది. ఇవన్నీ శృంగార కావ్యాల్లో అరిగిపోయిన వస్తువులే. చావు పక్కన పెట్టేసరికి వాటికి పదును వచ్చింది. ముఖ్యంగా అన్నీ సగంలో ఆగినవే కావడం గమనించండి. ఆమె మాట కోయిలలోనూ, నడక హంసలోనూ మిగిలాయన్న శ్లోకం ఎక్కువ ప్రసిద్ధం గాని, నా లెక్కలో ఆ మొలనూలే గొప్పది.

ఛందస్సు పేరే వియోగిని. బేసి పాదాలకు పది అక్షరాలు, సరి పాదాలకు పదకొండు. ఇంత ఇరుకులో పెద్ద సమాసాలు ఇమడవు కనుక మాటలు పొట్టివవుతాయి, చదువుతుంటే మాటిమాటికీ ఊపిరి ఆగినట్టుంటుంది. కుమారసంభవంలో రతీవిలాపానికీ కాళిదాసు దీన్నే వాడాడు. అక్కడ రసాన్ని పదేపదే రగిలించడం దోషమని మమ్మటుడు కావ్యప్రకాశంలో ఎత్తిచూపాడు. ఆ మాట నిజమే అనిపిస్తుంది. అజవిలాపానికి ఆ నింద అంటదు, ఎందుకంటే అతడి దుఃఖం ఒకచోట నిలవకుండా వాదన నుంచి నిష్ఠూరానికీ, నిష్ఠూరం నుంచి జ్ఞాపకానికీ కదులుతూ పోతుంది.

ఓదార్పు ఫలించిందని కూడా కవి అబద్ధం చెప్పలేదు. వసిష్ఠుడి హితవు అజుడి మనసులో నిలవలేదు. కొడుకు దశరథుడు పసివాడని ఎనిమిదేళ్ళు ఓర్చుకుని, ఆపైన గంగా సరయూ సంగమంలో దేహం విడిచాడు.

తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ భార్య పోయినప్పుడు వరలక్ష్మీ త్రిశతి రాశారు. అక్కడ అజుడు లేడు, నారదుడు లేడు. దుఃఖించేది కవే, ఆమె పేరే కావ్యం పేరు. పాత్ర వెనక దాక్కునే వీలు లేని ఈ పద్ధతిలో తెగువ ఎక్కువ. కాని జ్ఞాపకానికి వస్తువును ఎంచుకునే చదువు కావాలంటే ఇప్పటికీ కాళిదాసు దగ్గరికే వెళ్ళాలి. రఘువంశమంతా చదివే తీరిక లేకపోతే ఈ పాతిక పైచిలుకు శ్లోకాలైనా మల్లినాథ సూరి సంజీవనీ వ్యాఖ్య పక్కన పెట్టుకుని చదవండి. ఆ వ్యాఖ్యాత మన మెదక్ సీమ కొలిచెలమవాడు.