‘శిక్ష’ – ఒక మాట, రెండు బడులు

గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా పొడంపేట ఉంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే తీరంగా ఆ ఊరు బయటివారికి తెలుసు. అక్కడి మత్స్యకారుల ఇళ్ళలో తెలుగు వినబడుతుంది. బడి భాష ఒడియా. అటువంటి ఇంట పుట్టి అటువంటి బడికి వెళ్ళే పిల్లవాడికి ఒకే మాట రెండు ముఖాలతో ఎదురవుతుంది. ఆ మాట ‘శిక్ష’. బడిలో అది చదువు. పలకడం ‘శిఖ్యా’ అని పలికినా రాసేటప్పుడు ‘శిక్షా’ అనే రాస్తారు. చదువు చెప్పే ఆయన ‘శిక్షక’. ఇంటికి వస్తే శిక్ష అంటే దండన.

ఈ తేడాను పట్టుకొని రెండు అభిప్రాయాలు తరచుగా వినబడుతుంటాయి. చదువు అన్న అర్థంలో శిక్ష అనడం తెలుగు రానివారి తప్పు అన్నది మొదటిది. మన పూర్వులకు చదువు చెప్పడమూ కొట్టడమూ ఒకటేననీ, అందుకు ఈ మాటే సాక్ష్యమనీ అన్నది రెండోది. రెండూ నిలిచేవి కావని మా అభిప్రాయం.

మొదట మాట పుట్టుక చూద్దాం. ధాతుపాఠంలో ‘శిక్ష’ అన్న ధాతువుకు ఇచ్చిన అర్థం విద్యను గ్రహించడం. ‘శక్’ ధాతువుకు కోరికను తెలిపే సన్ ప్రత్యయం చేరినప్పుడు కూడా ‘శిక్ష’ అన్న రూపమే వస్తుందని పాణిని వ్యాకరణం చెబుతున్నది. శక్ అంటే చేయగలగడం. శక్తి, శక్యము అన్న మాటలు దాని నుంచి వచ్చినవే. కాబట్టి శిక్ష అంటే మొదట ‘చేయగలగాలని కోరుకోవడం’. ఆధునిక భాషాశాస్త్రజ్ఞులు ఈ రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తారు. అక్కడ గురువు చేతిలో బెత్తం లేదు. కోరిక కూడా గురువుది కాదు, నేర్చుకొనేవాడిది. ఆరు వేదాంగాలలో ఒకదాని పేరు శిక్ష. అక్షరాలను, స్వరాలను సరిగా పలకడం నేర్పే శాస్త్రమది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఆ విషయంతోనే మొదలవుతుంది.

మరి దండన ఎక్కడి నుంచి వచ్చింది? బౌద్ధులు పాటించవలసిన నియమాలకు శిక్షాపదాలని పేరు. అంటే అభ్యాసం నుంచి నియమానికి మాట అప్పటికే నడిచింది. నియమం తప్పినవాడిని దిద్దడం, దిద్దడానికి దండించడం ఆ తరువాతి మెట్లని మేము ఊహిస్తున్నాము. తెలుగులో ఈ మెట్లన్నీ ఇంకా కనబడుతూనే ఉన్నాయి. ‘సుశిక్షితుడు’ అంటే చక్కగా తర్ఫీదు పొందినవాడే గాని బాగా దెబ్బలు తిన్నవాడు కాడు. ‘శిక్షణ’ అంటే తర్ఫీదు. అదే శిక్షణ ‘దుష్టశిక్షణ’లో దండన అవుతుంది. ‘బుద్ధి చెప్పు’ అన్న అచ్చమైన వాడుకను చూడండి. అందులో దండన అన్న మాట లేదు, అయినా వినేవాడికి వీపు మీద దెబ్బ తోస్తుంది.

బోధనకూ దండనకూ పుట్టుకలోనే చుట్టరికం చూడాలంటే వేరే ధాతువు దగ్గరికి వెళ్ళాలి. అది ‘శాస్’. ఉపదేశించడం, ఏలడం, దండించడం మూడూ దాని అర్థాలే. శాస్త్రము, శాసనము, శిష్యుడు, శాస్తి అన్నీ దాని పిల్లలు. ‘తగిన శాస్తి జరిగింది’ అని మనం అంటాం. ఒడియాలోనూ శాస్తి అంటే దండనే. రెండు భాషలూ శాస్తి దగ్గర కలుస్తాయి, శిక్ష దగ్గర విడిపోతాయి. రెండో అభిప్రాయం చెప్పేవారు శాస్ మీద వేయవలసిన బరువును శిక్ష మీద వేస్తున్నారు. వీధిబడులలో కోదండం వేయడం నిజమే, బెత్తం నిజమే. అయితే వాటికి సాక్ష్యం ఆనాటి అనుభవాలలో వెతకాలి, ఈ మాట పుట్టుకలో కాదు.

ఈ విభజన ఆర్య, ద్రావిడ భాషల మధ్య గీత కాదన్నది కూడా గమనించదగ్గది. హిందీ, బెంగాలీ, ఒడియాలలో శిక్ష చదువు. తెలుగు, కన్నడం, మలయాళాలతో పాటు మరాఠీలో కూడా అది దండన. కన్నడం, మరాఠీ శిక్షణను చదువుకు ఉంచుకొని, శిక్షను దండనకు ఇచ్చాయి. గంజాం సరిగ్గా ఈ గీత మీద ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు ఆ జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిది.

గీతకు ఇవతల ఉన్నవారికీ ఈ చిక్కు తప్పలేదు. 2001లో మొదలై 2018లో సమగ్ర శిక్షలో కలిసిన సర్వశిక్షా అభియాన్ పేరు తెలుగు చెవికి ఎలా వినబడుతుందో వేరే చెప్పనక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం హిందీ పేరులో ఉన్నది ‘శిక్షా కా అధికార్’. తెలుగువాడికి అది దండించే హక్కులా తోస్తుంది. ఆ చట్టం 17వ సెక్షనేమో బడిలో పిల్లలను శారీరకంగా దండించడాన్ని నిషేధించింది!

ఇక మొదటి అభిప్రాయం సంగతి. బరంపురంలోనో పొడంపేటలోనో ఒక విద్యార్థి తెలుగులో రాస్తూ చదువుకు శిక్ష అని వాడితే దాన్ని దిద్దవలసిందే. నేటి తెలుగు పాఠకుడు దాన్ని వేరుగా అర్థం చేసుకొంటాడు. ధాతువు అర్థం ఎంత గొప్పదైనా వాడుకను తోసిపుచ్చలేదు. కాని దాన్ని అజ్ఞానమని నవ్వడం తగదు. ఆ విద్యార్థి వాడిన అర్థమే పాతది, మనం వాడుతున్నది తరువాతిది. ఈ సంగతి చెప్పి దిద్దితే అతడు రెండు భాషలనూ ఒకేసారి నేర్చుకొంటాడు. చెప్పకుండా దిద్దితే ఇంటి భాషలో నోరు విప్పడానికి జంకుతాడు. ఆంధ్ర, తెలంగాణల వెలుపల తెలుగు చదివేవారిలో ఈ జంకు ఎంత నష్టం చేస్తుందో మన పాఠకులకు తెలుసు.

తెలుగు ‘నేర్చు’లో కూడా ఇదే భావం ఉంది. పాత తెలుగులో నేర్చు అంటే అభ్యసించడమే కాదు, చేయగలగడం కూడా. ‘చేయనేరను’ అంటే చేయలేనని. ‘నేర్పు’ క్రియగా బోధించడం, నామవాచకంగా చాతుర్యం. సంస్కృతంలో శక్ నుంచి శిక్ష వచ్చినట్టే తెలుగులోనూ చేతనవడం, నేర్చుకోవడం ఒక్క మాటలో ఉన్నాయి. సముద్రం మీద వల వేయడం తండ్రి దగ్గర నేర్చే పిల్లవాడికి ఈ రెంటికీ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ పాత గంజాంలోనే, పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి సవర పిల్లలకు వాచకాలు తయారు చేశారు. అందుకోసం ముందు ఆయన సవర భాష నేర్చుకొన్నారు. పిల్లలను తన భాషలోకి లాగకుండా తానే వారి భాషలోకి వెళ్ళారు. పొడంపేట పిల్లవాడి తెలుగును దిద్దబోయే ఉపాధ్యాయుడు కూడా, దిద్దే ముందు, ఆ పిల్లవాడి ఒడియాలో శిక్ష అంటే ఏమిటో తెలుసుకోవడం మంచిది.